యంత్రం చెలికాడైనప్పుడు: విజ్ఞాన కల్పనా కథలలోని బాలలు

నెల్లూరు తీరానికి దక్షిణపు కొసన, పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ శ్రీహరికోట దీవి ఉన్నది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగిన పిమ్మట అది తిరుపతి జిల్లాలో చేరినా, జనం మాటలో మాత్రం ఇంకా నెల్లూరు సీమలోదే. ఒకనాడు యానాదులు నివసించిన ఆ దీవి నుండి 1971 అక్టోబరులో రోహిణి-125 అనే చిన్న రాకెట్టు ఆకాశానికి ఎగిరినది. 2023 జూలై 14వ తేదీ మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలకు అక్కడినుండే చంద్రయాన్-3 బయలుదేరినది. ప్రజలు ప్రయోగాలు చూచేందుకు 2019లో అక్కడ ఒక వీక్షణశాల ఏర్పడినది. ప్రయోగం ఉన్న రోజున బడి పిల్లలు బస్సులలో వచ్చి అందులో కూర్చుంటారు. సూళ్లూరుపేట వైపు మిద్దెల మీద నిలబడి చూచే పిల్లలకు మరొక వింత కూడా కనబడుతుంది. మొదట మంట కనిపిస్తుంది, శబ్దం రాదు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు మాత్రమే పోగలదు కనుక, 20 కిలోమీటర్ల దూరాన ఉన్నవారికి ఆ ఉరుము చేరడానికి దాదాపు ఒక నిమిషం పడుతుంది. అప్పటికి రాకెట్టు ఎంతో ఎత్తున ఉంటుంది.

ఆ చంద్రయాన్ విషయంలో మరొక సంగతి కూడా గమనింపదగినది. ఆగస్టు 23న చంద్రునిపై దిగిన విక్రమ్ లోనుండి ప్రజ్ఞాన్ అనే బండి బయటకు వచ్చినది. ఆరు చక్రాలు, 26 కిలోల బరువు, సూర్యకాంతిని విద్యుత్తుగా మార్చే పలక: ఇంతే అది. సెప్టెంబరు 2న దానిని 'నిద్రపుచ్చినారు'. ఈ నిద్ర అంటే ఏమిటి? చంద్రునిపై రాత్రి మన లెక్కన సుమారు 14 రోజులు. ఆ రాత్రి వెలుతురు ఉండదు, చలి భయంకరంగా ఉంటుంది. కనుక బ్యాటరీని నింపి, పరికరాలను ఆపి, సంకేతాలు అందుకునే భాగాన్ని మాత్రం పనిచేసే స్థితిలో ఉంచినారు. సెప్టెంబరు 22న మళ్లీ పిలిచి చూచినారు. జవాబు రాలేదు. ఈ వార్తను దేశంలోని పిల్లలు ఒక విద్యుత్ పరికరం పనిచేయడం మానినట్లుగా వినలేదు. నిద్రపోయిన పసివాడు లేవనట్లుగా విన్నారు. అందుకు వారిని తప్పుపట్టడానికి వీలులేదు. ఆగస్టు చివరలో ప్రజ్ఞాన్ గిర్రున తిరుగుతున్న చిత్రాలను విడుదల చేస్తూ, చందమామ పెరట్లో బిడ్డ ఆడుకుంటుంటే తల్లి మురిపెంగా చూస్తున్నట్లున్నదని వర్ణించినది సాక్షాత్తు ఇస్రో సంస్థయే.

యంత్రానికి ప్రాణం పోసి చూడడం రోగం కాదు. చిన్నపిల్లలు సూర్యుడు, గాలి, సైకిలు కూడా తెలివి గలవని తలుస్తారని స్విట్జర్లాండు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జీన్ పియాజే 1920ల నాడే వివరించాడు. పెద్దలైనంత మాత్రాన ఈ గుణం పోదు. 1944లో హైడర్, సిమ్మెల్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక చిన్న చలనచిత్రం తీశారు. అందులో రెండు త్రిభుజాలు, ఒక వృత్తం అటూ ఇటూ కదలుతుంటాయి, అంతే. చూచిన 34 మందిని ఏమి కనబడినదో వ్రాయమంటే, ఒక్కరు తప్ప మిగిలినవారందరూ వాటిని ప్రాణులుగానే వర్ణించారు. ఆగి, కదలి, మళ్లీ మనవైపు తిరిగే వస్తువు ఏదైనా సరే, దానిలో ఒక మనస్సు ఉన్నట్లు మన మెదడు ఊహించుకుంటుంది. అడవిలో పొద కదలినప్పుడు గాలి అనుకొని ఊరకున్నవాని కంటే పులి అనుకొని పరుగెత్తినవాడు ఎక్కువకాలం బ్రతికి ఉంటాడు గదా!

కాబట్టి పిల్లవానికి యంత్రంపై ప్రేమ కలుగుతుందా అనేది ప్రశ్న కాదు. కలుగుతుంది. ఆ ప్రేమ ఎప్పుడు ఆరోగ్యకరం, ఎప్పుడు కాదు? శాస్త్రజ్ఞుల కంటే ముందుగా ఈ ప్రశ్న వేసుకున్నవారు కథకులు.

'రోబో' అనే మాట కారెల్ చాపెక్ అనే చెక్ రచయిత 1920లో వ్రాసిన నాటకం ద్వారా లోకానికి వచ్చినది. ఆ తరువాత ఇరవై ఏళ్లపాటు కథలలోని మరమనుషులలో అధికభాగం తమను చేసినవారిపై తిరుగబడేవే. ఈ ధోరణి నచ్చని పడుచువాడు ఐజాక్ అసిమోవ్. 1939లో, పందొమ్మిదేళ్ల వయస్సులో, అతడు వ్రాసిన 'రాబీ' కథ మరుసటి ఏడు సెప్టెంబరులో అచ్చయినది. 1950లో వెలువడిన 'ఐ, రోబో' సంపుటిలో అదే మొదటి కథ.

గ్లోరియాకు ఎనిమిదేళ్లు. ఆమెను ఆడించడానికి తల్లిదండ్రులు కొన్న మరమనిషి పేరు రాబీ. వానికి మాటలు రావు. గ్లోరియాతో దాగుడుమూతలు ఆడుతుంది, వీపుపై ఎక్కించుకొని తిప్పుతుంది, ఆమె చెప్పే సిండ్రెల్లా కథను ఎన్నిసార్లైనా వింటుంది. రెండేళ్లు గడిచేసరికి గ్లోరియా ఈడు పిల్లలతో ఆడడం మానివేసినది. తల్లికి బెంగ పట్టుకున్నది. తండ్రి మాత్రం రాబీని వెనకేసుకొని వస్తాడు. మనుష్యులైన ఆయాల కంటే రాబీ ఎంతో నమ్మదగినవాడని అతని వాదం. దయ, విశ్వాసం వాని నిర్మాణంలోనే ఉన్నవి. వేరొక విధంగా ఉండడం వానికి చేతకాదు. తల్లి చివరకు తన మాట నెగ్గించుకుంటుంది. ఒకనాడు గ్లోరియాను వినోద ప్రదర్శనకు తీసుకొనిపోయి, తిరిగి వచ్చేసరికి రాబీని మాయం చేసి, ఆ స్థానంలో ఒక కుక్కను ఉంచుతారు. రాబీ తనంతట తాను వెళ్లిపోయినదని అబద్ధం చెబుతారు. పిల్ల దిగులుతో చిక్కిపోతుంది. మరమనిషి ఉక్కు, రాగి, విద్యుత్తుల పోగు మాత్రమేనని ఆమెకు కళ్లారా చూపించాలని తండ్రి ఒక కర్మాగారానికి తీసుకొనిపోతాడు. తీరా అక్కడ పనిచేస్తున్న యంత్రాలలో రాబీ ఉంటుంది. దానిని చూచి పిల్ల పరుగెత్తడం, ట్రాక్టరు క్రింద పడబోవడం, మనుష్యులు తేరుకునేలోగా రాబీ రక్షించడం — ఇదంతా జరిగిన పిదప తల్లి దిగివస్తుంది. ఆ భేటీ తండ్రి పన్నిన పన్నాగమే అని కూడా తెలుస్తుంది.

చదివిన పిల్లలందరూ రాబీ పక్షమే. అసిమోవ్ ఉద్దేశం కూడా అదే. అయినప్పటికీ ఆ తల్లికి కథకుడు న్యాయం చేయలేదని చెప్పక తప్పదు. ఆమె అడిగిన ప్రశ్నకు కథ జవాబు చెప్పదు. ట్రాక్టరును తెచ్చి ప్రశ్నను దాటివేస్తుంది. గ్లోరియాకు తోటి పిల్లలు ఎందుకు అక్కరలేకపోయారు? తండ్రి మెచ్చుకున్న గుణంలోనే దీనికి సమాధానం ఉన్నది. వేరొక విధంగా ఉండడం చేతకాని చెలికాడు ఏనాడూ అలగడు. పులికాట్ ఒడ్డున గోళీలాడే పిల్లలను ఒక పూట గమనిస్తే చాలు. ఒకడు తొండి చేస్తాడు, రెండవవాడు 'నీతో పచ్చి' అని అలిగి పోతాడు, సాయంత్రానికి ఎవరో మధ్యవర్తి వస్తారు, మళ్లీ జట్టు కడతారు. ఎదుటివానికి వేరొక మనస్సు ఉన్నదని, అది తన ఇష్టప్రకారం నడవదని పిల్లవాడు తెలుసుకునే పాఠశాల ఆ తగాదాయే. రాబీతో రెండేళ్లలో గ్లోరియా ఒక్కసారి కూడా ఆ పాఠం చదువలేదు.

తండ్రి పన్నాగంలో మరొక శాస్త్ర విషయం ఇమిడి ఉన్నది. యంత్రం లోపలి నిర్మాణం చూపిస్తే భ్రమ తొలగుతుందా? ఉపాధ్యాయులలో చాలామంది తొలగుతుందనే అంటారు. అందుకు విరుద్ధమైన ఉదాహరణ 1966లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో కనిపించినది. జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ఆచార్యుడు కంప్యూటర్‌తో సంభాషించడానికి 'ఎలీజా' అనే క్రమణికను తయారుచేశాడు. అది చేసేది చాలా స్వల్పం. మనిషి టైపు చేసిన వాక్యంలోని కొన్ని పదాలను పట్టుకొని, వాటినే త్రిప్పి ప్రశ్నగా అడుగుతుంది. 'మా అమ్మ మీద కోపంగా ఉంది' అంటే 'మీ అమ్మను గురించి ఇంకా చెప్పండి' అంటుంది. వైజెన్‌బామ్ కార్యదర్శిని ఆ క్రమణిక తయారవుతున్న నెలలన్నీ చూచిన మనిషే. అయినా దానితో కొద్దిసేపు సంభాషించిన పిదప, ఆచార్యుని గది వదలి వెళ్లమని కోరినది. తన మాటలు ఆంతరంగికమైనవని ఆమెకు తోచినది! వైజెన్‌బామ్ ఈ అనుభవంతో కలవరపడి, 1976లో ఒక గ్రంథమే వ్రాశాడు. లోపల ఏమున్నదో తెలిసిన పెద్దలకే ఇట్లుంటే పిల్లల సంగతి చెప్పనక్కరలేదు. ఉక్కు, రాగి చూచిన తరువాత కూడా గ్లోరియా ప్రేమ చెక్కుచెదరలేదని వ్రాయడంలో అసిమోవ్ పొరబడలేదు.

అసిమోవ్ దాటివేసిన ప్రశ్నను నిర్దాక్షిణ్యంగా ముందుకు తెచ్చినవాడు రే బ్రాడ్‌బరీ. అతని 'ది వెల్ట్' కథ 1950 సెప్టెంబరులో 'ది సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్' పత్రికలో వేరొక పేరుతో వెలువడి, 1951లో 'ది ఇలస్ట్రేటెడ్ మ్యాన్' సంపుటిలో చేరినది. వెల్ట్ అంటే దక్షిణాఫ్రికాలోని గడ్డిమైదానం. కథలోని ఇల్లు అంతా యంత్రమయం. వంట చేస్తుంది, స్నానం చేయిస్తుంది, బూట్ల త్రాళ్లు కడుతుంది, పిల్లలను ఊపి నిద్రపుచ్చుతుంది. పిల్లల ఆటగది పొడవు 40 అడుగులు, వెడల్పు 40, ఎత్తు 30. పిల్లలు ఏమి తలిస్తే అది ఆ గోడలపై రూపు, వాసన, ధ్వనులతో సహా ప్రత్యక్షమవుతుంది. పీటర్, వెండీ అనే పదేళ్ల పిల్లలు తలచేది ఎప్పుడూ ఒక్కటే: ఎండలో మండే ఆఫ్రికా మైదానం, దూరాన దేనినో తింటున్న సింహాలు.

తల్లిదండ్రులకు భయం వేస్తుంది. మనస్తత్వ వైద్యుని పిలుస్తారు. అతడు గది చూచి, ఈ ఇల్లే మీ పిల్లలకు తల్లీ తండ్రీ అయిపోయినదని, మీకంటే ఇదే వారికి ముఖ్యమని తేల్చిచెబుతాడు. గదిని మూసివేయాలి, ఏడాదిపాటు పిల్లలను ప్రతిరోజూ తన వద్దకు పంపాలి, ఇదీ అతని సలహా. తండ్రి అందులో మొదటి సగం మాత్రమే, అదీ ఒక్క గడియలో అమలు జరుపుతాడు. ఇంటిలోని మీటలన్నీ ఆపుతాడు. పిల్లలు కేకలు వేసి ఏడుస్తారు. ఒక్క నిమిషం గదిలో ఉండనివ్వమని తల్లి బతిమాలుతుంది. ఆ నిమిషంలోనే పిల్లలు తల్లిదండ్రులను గదిలోకి పిలిచి తలుపు వేస్తారు. సింహాలు ఇంతసేపు తింటున్నది ఎవరినో అప్పుడు తెలుస్తుంది.

ఇది కేవలం భయపెట్టే కథ కాదు. పదేళ్ల పిల్లవాడు తన బూట్లు ఎవరు కడతారని, పండ్లు ఎవరు తోముతారని తండ్రిని నిలదీసే ఘట్టం సింహాల కంటే భయంకరమైనది. ఆ ఇల్లు పిల్లలకు ఏ లోటూ రానీయలేదు. తల్లిదండ్రుల పని మొత్తం లాగుకున్నది, వారు కూడా సంతోషంగానే ఇచ్చివేశారు. ఈ రెండు కథలలోనూ ఒక సామాన్యాంశం ఉన్నది, దానిని తరచుగా మరచిపోతారు. యంత్రాన్ని కొన్నవారు పిల్లలు కారు. గ్లోరియాకు రాబీని కొన్నది, పీటర్‌కు గదిని కట్టించినది పెద్దలే, తమ వెసులుబాటు కోసమే. అన్నం తినిపించడానికి పిల్లవాని ముందు ఫోన్ నిలబెట్టే ఇంటికి ఇది దూరపు సంగతి కాదు.

యంత్రం తల్లి స్థానం ఆక్రమించగలదా అన్న ప్రశ్నకు బ్రాడ్‌బరీ కథ వెలువడిన ఎనిమిదేళ్లకు ఒక ప్రయోగం కొంత సమాధానం ఇచ్చినది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హ్యారీ హార్లో అనే శాస్త్రజ్ఞుడు పుట్టిన కొద్ది గంటలకే రీసస్ కోతిపిల్లలను తల్లుల నుండి వేరుచేసి, వాటికి రెండు కృత్రిమ మాతలను ఇచ్చాడు. ఒకటి ఇనుపతీగతో అల్లినది, రెండవది మెత్తని గుడ్డ చుట్టినది. కొన్ని పిల్లలకు పాలసీసా తీగతల్లి వద్దనే అమర్చబడినది. అయినా అవి పాలు త్రాగడానికి మాత్రం అటు వెళ్లి, రోజులో అత్యధికభాగం గుడ్డతల్లినే కరచుకొని ఉండేవి. ఆకలి తీర్చినందుకే బిడ్డ తల్లిని ప్రేమిస్తుందన్న పాత సిద్ధాంతం 1958లో ఈ ఫలితాలతో కూలిపోయినది. ఇంతవరకు పాఠ్యపుస్తకాలలో చెబుతారు. తరువాతి భాగమే మనకు ముఖ్యం. గుడ్డతల్లి వద్ద నిబ్బరంగా ఉన్న ఆ పిల్లలు పెరిగిన తరువాత తోటి కోతులతో మెలగలేకపోయినవి. కూర్చున్నచోటనే ఊగుతూ ఉండేవి, తమ్ము తాము కరచుకొనేవి. వాటిలో తల్లులైనవి తమ పిల్లలను పట్టించుకోలేదు, కొన్ని హింసించినవి కూడా. గుడ్డతల్లి ఓదార్పు ఇచ్చినది గాని, ఎన్నడూ కొట్టలేదు, త్రోసివేయలేదు, చంకనెత్తుకొని పరుగెత్తలేదు. హార్లో వద్ద పనిచేసిన విలియం మేసన్ అటు తరువాత కృత్రిమ మాతను కదిలేటట్లు అమర్చి చూచాడు. అటువంటి తల్లి వద్ద పెరిగిన పిల్లలలో ఆ ఊగే జబ్బు చాలావరకు కనబడలేదు. తనంతట తాను కదిలే తల్లి వెంట పిల్ల పరుగెత్తవలసి వచ్చినది, అది ఎప్పుడు ఎటు వస్తుందో కనిపెట్టవలసి వచ్చినది. ఆ మాత్రపు ఎడతెగని బేరం కూడా పెరుగుదలకు అవసరమే అన్నమాట. (ఆ కోతులకు జరిగిన క్రూరత్వాన్ని ఈనాడు సమర్థించేవారు తక్కువ. ఆ రోజులలోనే విమర్శలు వచ్చినవి.)

యంత్రాలన్నీ పిల్లలను ఒకే తీరున కట్టివేయవు. అసిమోవ్ 1951లో వ్రాసిన 'ది ఫన్ దే హ్యాడ్' కథ ఎన్.సి.ఇ.ఆర్.టి. తొమ్మిదవ తరగతి ఆంగ్ల వాచకంలో చాలా సంవత్సరాలు ఉండడం వల్ల మన ఉపాధ్యాయులకు సుపరిచితమే. 2157వ సంవత్సరంలో మార్జీ అనే పదకొండేళ్ల పిల్లకు ఇంట్లోనే పెద్ద తెరతో ఒక యంత్రోపాధ్యాయుడు ఉంటాడు. ఆమెకు అదంటే అసహ్యం. పూర్వం పిల్లలందరూ ఒక బడిలో చేరి చదువుకునేవారని తెలిసి, వారు ఎంత సరదాగా గడిపి ఉంటారో అని ఊహించుకుంటుంది. గ్లోరియాను సృష్టించిన చేయే మార్జీని కూడా సృష్టించినది! వింటూ కూర్చునే యంత్రం ప్రేమను సంపాదించినది, మార్కులు వేసే యంత్రం సంపాదించలేదు. 2020 మార్చిలో బడులు మూతబడి, ఆంధ్రప్రదేశ్ లో దూరదర్శన్ సప్తగిరి ద్వారా పాఠాలు ప్రసారమైనప్పుడు, మార్జీ కోరిక ఎటువంటిదో మన పిల్లలకు బోధించవలసిన పని లేకపోయినది.

తెలుగు తెరపై ఈ విషయం వేరొక రూపం తీసుకున్నది. నెల్లూరు జిల్లాలో జన్మించిన సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన 'ఆదిత్య 369' లోని కాలయంత్రం ఎవరికీ చెలికాడు కాదు. కృష్ణదేవరాయల కాలానికి, భావికాలానికి తీసుకొనిపోయే వాహనం. ఎక్కుతారు, దిగుతారు. ఆ తరువాత వచ్చిన రెండు చిత్రాల యంత్రాలు అట్లా కావు. 2010లో తమిళం నుండి వచ్చిన 'రోబో' లోని మరమనిషి పేరు చిట్టి. 2024 జూన్‌లో వెలువడిన 'కల్కి 2898 ఏడి' లో కథానాయకునితో మాటలాడే కారు పేరు బుజ్జి. చిట్టి, బుజ్జి: రెండూ తెలుగు ఇళ్లలో పసిపిల్లలను పిలిచే పేర్లు. బుజ్జి కారును నిజంగానే నిర్మించి ఊళ్లలో ప్రదర్శిస్తే పిల్లలు చుట్టుముట్టినారు. ఆ చిత్రానికి ముందే పిల్లల కోసం బొమ్మల చిత్రం కూడా విడుదలైనది. కథలో కథానాయకుడు ఒంటరివాడు, అతనికి తోడు ఆ గొంతు ఒక్కటే. ఆ ఒంటరితనం గురించి చిత్రం పెద్దగా ఆలోచించదు, దానిని వేళాకోళంగా గడిపివేస్తుంది. తెలుగులో రాబీ తల్లి ప్రశ్నను అడిగే కథ ఇంకా రావలసే ఉన్నది.

అయితే బొమ్మలంటే ప్రాణమిచ్చే పిల్లలందరినీ శంకించవలసినదేనా? ఇంగ్లండులో శిశువైద్యునిగా పనిచేసిన డొనాల్డ్ వినికాట్ 1950ల తొలినాళ్లలోనే దీనికి చక్కని సమాధానం చెప్పాడు. పసివాడు ఒక గుడ్డపేలికనో, దిండునో, బొమ్మనో వదలకుండా పట్టుకొని తిరుగుతాడు. అది లేనిదే నిద్రపోడు. తల్లి ఒడి నుండి లోకంలోకి నడిచే దారిలో అది ఒక వంతెన. కొంతకాలానికి దానిని ఎవరూ లాగుకోనక్కరలేదు. దానికై ఏడ్వడు, దానిని ప్రత్యేకంగా మరచిపోయేదీ ఉండదు. అది అటకమీదికి చేరుతుంది, అంతే. కజువో ఇషిగురో 2021లో వ్రాసిన 'క్లారా అండ్ ది సన్' నవలలో ఇదే జరుగుతుంది. జబ్బుపడిన జోసీ అనే బాలికకు తోడుగా కొన్న క్లారా అనే యంత్రం, ఆమె కోలుకొని పైచదువులకు వెళ్లిన పిదప పాతసామానుల ఆవరణ చేరుతుంది. పాఠకునికి క్లారాపై జాలి కలుగుతుంది గాని, జోసీ మాత్రం పెరిగినది.

గుడ్డబొమ్మ పిల్లవాడు తనను దాటిపోవడాన్ని అడ్డగించదు. ఇక్కడే నేటి యంత్రానికీ దానికీ భేదం. 1996లో జపానులో బందాయ్ సంస్థ 'తమగోచ్చి' అనే గ్రుడ్డు ఆకారపు బొమ్మను అమ్మినది. దాని చిన్న తెరపై ఒక జంతువు ఉంటుంది. వేళకు మీట నొక్కి మేత పెట్టకపోతే కీచుమంటుంది, ఆపైన చనిపోతుంది. పిల్లలు దానిని బడికి తీసుకొనిపోయి పాఠం మధ్యలో మేత పెట్టేవారు. బొమ్మే పిల్లవానిని పిలవడం అప్పుడు ఆరంభమయినది. నేటి ఫోన్‌లోని ఆటలు రోజూ రాకపోతే బహుమానం పోతుందని హెచ్చరిస్తాయి. సంభాషించే క్రమణికలు ఎలీజా కంటే లక్షరెట్లు నేర్పుగా మాటలాడుతూ, ఎప్పుడూ ఒప్పుకుంటూ, ఎంత రాత్రయినా మేలుకొని ఉంటాయి. రాబీకి రాని మాటలు వీటికి వచ్చినవి. ఇటువంటి తోడు క్రమణికలు తాము మనుష్యులం కామని బాలలకు గుర్తుచేయాలని, మధ్యమధ్య విరామం తీసుకొమ్మని చెప్పాలని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2025 అక్టోబరులో ఒక శాసనం చేసినది.

తరగతిలో ఈ భేదాన్ని గుర్తించడం ఎట్లా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అయిదేళ్లలోపు పిల్లలకు గంటల లెక్క చెప్పినది. ఏడాది లోపు వారికి తెర అసలే వద్దు, రెండు నుండి నాలుగేళ్ల వారికి రోజుకు ఒక గంట మించరాదు. హైస్కూలు వయస్సుకు గంటల లెక్క అంతగా అక్కరకు రాదు. అదే సంస్థ తన రోగాల పట్టికలో 'ఆటల వ్యసనం' అనే రుగ్మతను చేర్చినప్పుడు గంటలను కొలతగా తీసుకోలేదు. ఆడడంపై అదుపు తప్పడం, మిగిలిన పనులన్నిటి కంటే అదే ముఖ్యం కావడం, నష్టం జరుగుతున్నా ఆపలేకపోవడం — ఈ మూడూ సాధారణంగా ఒక ఏడాదిపాటు కనబడాలి. అనగా చూడవలసినది తెరను కాదు, తెర దేనిని తొలగించినదో దానిని. రోజంతా రాకెట్ల గురించి చదివి, సాయంత్రం స్నేహితునితో వాదించి, సీసాతో నీటి రాకెట్టు చేసి ఎగురవేసే పిల్లవానికి యంత్రపు పిచ్చి ఎంత ఉన్నా చింత లేదు. అతని మమకారం నలుగురిని కూడగట్టుతున్నది.

శ్రీహరికోటలో అటువంటి మమకారం చరిత్రకు ఎక్కినది కూడా. 1979 ఆగస్టు 10న అక్కడినుండి ఎగిరిన తొలి ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు 317 సెకండ్లకు సముద్రంలో కూలినది. ఏళ్ల తరబడి దానిపై పనిచేసినవారికి అది బిడ్డ వంటిదే. రెండవ దశను అదుపు చేసే వ్యవస్థలో ఒక కవాటం సరిగా పనిచేయలేదని వారు కనుగొన్నారు, 1980 జూలై 18న మళ్లీ ఎగురవేసి రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో ఉంచారు. యంత్రం వారికి కాదన్నది. కాదన్నది కనుకనే నేర్పినది.

అదే తీరం నుండి వెళ్లడానికి ఉద్దేశింపబడిన మరొక యంత్రం ఉన్నది. 2020 జనవరిలో ఇస్రో బెంగుళూరులో ప్రదర్శించిన 'వ్యోమమిత్ర'కు స్త్రీ ముఖం, చేతులు ఉన్నవి, కాళ్లు లేవు. మనుష్యులు లేని గగనయాన్ నౌకలో కూర్చొని, మనిషి చేతులకు అమర్చిన మీటలను నొక్కి చూచే పని దానిది. చేతులు అందుకే, కాళ్లతో పని లేదు గనుక కాళ్లు లేవు. ముఖం, 'మిత్ర' అన్న పేరు మాత్రం యంత్రశాస్త్రం కోరినవి కావు. ఏ భాగం పనికోసం, ఏ భాగం మన మనస్సుకోసం అని విద్యార్థులచేత వేరుచేయించడం ఒక మంచి తరగతి అభ్యాసం. ఎలీజా అనుభవాన్ని బట్టి చూస్తే, దానితోనే అంతా సరిపోతుందని మాత్రం అనుకోరాదు.

ఇక, మమకారం ముదిరిన పిల్లవాని విషయం. రాబీ కథలో తల్లి, వెల్ట్ కథలో తండ్రి చేసినది ఒక్కటే: ఉన్నట్టుండి లాగుకోవడం. రాబీ బదులు కుక్కను పెట్టారు గాని, ప్రక్క ఇంటి పిల్లను పిలువలేదు. హార్లో తన చివరి ప్రయోగాలలో స్టీఫెన్ సువోమీతో కలిసి ఈ దిశగానే పరిశీలించాడు. ఆరు మాసాలు ఏకాంతంలో పెరిగి చెడిపోయిన కోతులను వాటి ఈడు కోతులలో వదిలితే అవి బెదరి మూలకు చేరినవి, దెబ్బలు తిన్నవి. అప్పుడు వాటి దగ్గరకు మూడు మాసాల పసికోతులను పంపారు. ఆ వయస్సు పిల్లలకు కరవడం రాదు, కరచుకోవడం ఒక్కటే వచ్చు. అవి వెళ్లి పెద్దవాటిని కౌగిలించుకున్నవి. త్రోసినా మళ్లీ వచ్చినవి. 1971లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, కొద్ది నెలలలో ఆ పెద్ద కోతులు ఊగడం చాలావరకు మాని, పసికోతులతో ఆడడం మొదలుపెట్టినవి.